డోనెపెజిల్ 5 మి.గ్రా., విటమిన్ ఇ 400: మా నాన్న 14 నెలల వాడకం

మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేశారు. ఎక్కువ కాలం గుంటూరు, మాచర్ల రూటే. పేరేచర్ల, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, గురజాల, మధ్యలో వచ్చే చిన్నా చితకా స్టేజీలు, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత ఛార్జీ, అన్నీ నోటి మీదే ఉండేవి. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాక ముందు, నిలబడటానికి చోటు లేని బస్సులో ఎవరికి ఎంత చిల్లర బాకీయో టికెట్ వెనకాల రాయకుండానే గుర్తు పెట్టుకుని, దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చేవారు. అలాంటి మనిషి నిరుడు సంక్రాంతి నాటి రాత్రి మా ఇంట్లో బాత్రూం ఎక్కడుందో తెలియక, చీకట్లో హాలు గోడ పట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు. నేను లేచి లైటు వేసేసరికి లుంగీ తడిసిపోయి ఉంది. నా వైపు చూసి, "ఇది ఏ స్టేజి అమ్మా?" అని అడిగారు.

అలా గోడ వెంబడే తిరగడం నేను అంతకుముందు చూశాను. మనుషుల్లో కాదు, ఎలుకల్లో. వరంగల్‌లో ఎం.ఫార్మసీ చదివేటప్పుడు నా ప్రాజెక్టే అది: మతిమరుపు తెప్పించిన ఎలుకలకు డోనెపెజిల్, విటమిన్ ఇ ఇచ్చి, జ్ఞాపకం తిరిగి వస్తుందా లేదా చూడటం. నాన్న అల్జీమర్స్ జబ్బుకు రాసిన అదే మాత్ర ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది. అదే విటమిన్ కూడా కొన్నాళ్ళు వేశాం. ఎలుకల దగ్గర చూసిందీ నాన్న దగ్గర చూస్తున్నదీ పక్కపక్కన పెట్టి చెప్పగలను కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నాను. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో ఈ మాత్ర రాశారంటే, కొంచెం పెద్దదైనా ఓపికగా చదవండి.

ముందు ఎలుకల సంగతి. మా ల్యాబులో ఒక గుండ్రటి నీళ్ళ తొట్టి ఉండేది, అడ్డంగా మనిషి చేతులు బార్లా చాపినంత. దాన్ని మోరిస్ వాటర్ మేజ్ అంటారు. 1981లో రిచర్డ్ మోరిస్ అనే ఆయన పెట్టిన పద్ధతి. గోరువెచ్చటి నీళ్ళు పోసి, పాలపొడి కలిపి తెల్లగా చేసేవాళ్ళం. ఒక మూల నీటి మట్టానికి రెండు సెంటీమీటర్ల కింద చిన్న పీట ఉంటుంది. అది ఎలుకకు కనపడదు. ఈదుతూ ఈదుతూ దాన్ని తగిలితే ఎక్కి కూర్చుంటుంది. దొరక్కపోతే మనమే మెల్లగా దారి చూపించి పీట మీదికి చేర్చాలి. గోడల మీద అంటించిన నల్ల కాగితం ముక్కలు, తలుపు, నిలబడి ఉన్న మనిషి, ఇవే దానికి గుర్తులు. మొదటి రోజు నిమిషం దాటినా దొరకదు. నాలుగో రోజుకు నీళ్ళలో వదలగానే తిన్నగా పీట వైపే వెళ్తుంది. ఎక్కాక ముందు కాళ్ళతో మొహం తుడుచుకుంటుంది. టవల్లో చుట్టి చేతుల్లోకి తీసుకుంటే దాని గుండె వేలి కింద టకటకా కొట్టుకోవడం తెలిసేది.

ఇప్పుడు దానికి స్కోపోలమిన్ సూది వేస్తే? అరగంట తర్వాత నీళ్ళలో వదిలితే పీట సంగతే గుర్తుండదు. తొట్టి అంచు పట్టుకుని గోడ వెంట చుట్లు తిరుగుతుంది. స్కోపోలమిన్ అంటే ఎక్కడిదో కాదు, మన పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలో ఉండే మందే. ఉమ్మెత్త గింజలు తింటే పిచ్చెక్కుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మెదడులో ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే పదార్థాల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. కొత్త విషయం మనసులో పడాలంటే అది కావాలి. ఆ కబురు అందుకునే చోట స్కోపోలమిన్ వెళ్ళి కూర్చుంటుంది. కబురు వస్తుంది గానీ అందదు.

డోనెపెజిల్ దీనికి అవతలి వైపు నుంచి పని చేస్తుంది. అసిటైల్‌కోలిన్‌ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. మాత్ర ఆ ఎంజైమును పట్టి ఆపుతుంది. కబురు మోసేది పోగుపడి, కూర్చున్న స్కోపోలమిన్‌ని పక్కకు నెట్టేస్తుంది. మందు పట్టించిన ఎలుక మళ్ళీ పీట వైపు ఈదడం చూస్తే ఒళ్ళు పులకరించేది. విటమిన్ ఇ కలిపి ఇచ్చిన గుంపు కూడా బాగానే ఈదింది. సంబరంగా రాసుకున్నాం. కానీ గుంపుకు ఆరేసి ఎలుకలు. ఆరు ఎలుకలతో రెండు మందులు కలిస్తే ఇంకా మేలని గట్టిగా చెప్పడం కుదరదు.

ఎలుకలో అంత బాగా పనిచేసింది నాన్నలో ఎందుకు పనిచేయదు? ఇది అడగని బంధువు లేడు. ఎలుకకు మతిమరుపు మేం తెచ్చిపెట్టింది. సూది మందు దిగిపోతే కొన్ని గంటల్లో దానంతట అదే పోతుంది. దాని మెదడు కణాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. నాన్నకు వచ్చింది అల్జీమర్స్. అందులో అసిటైల్‌కోలిన్ తయారుచేసే కణాలే ఒక్కొక్కటిగా చచ్చిపోతుంటాయి. మిగిలి ఉన్న కణాలు చేసే కాస్తంత పదార్థం విరిగిపోకుండా చూడటం వరకే మాత్ర పని. కణాల చావును అది ఆపదు.

మోతాదు సంగతి కూడా చూడండి. మేం ఎలుకకు కిలోకు 3 మి.గ్రా. లెక్కన ఇచ్చాం. ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే 6.2తో భాగిస్తారు. 60 కిలోల మనిషికి అది దాదాపు 29 మి.గ్రా. అవుతుంది. నాన్న వేసుకునేది 5. ఎలుకల మీద అద్భుతం అంటూ వాట్సాప్‌లో వచ్చే వీడియోల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

మాత్ర రాసే ముందు న్యూరాలజిస్టు చేయించిన పరీక్షలు నాకు నచ్చాయి. మెదడు స్కాన్‌తో పాటు థైరాయిడ్, బి12 చూశారు. బి12 బాగా తగ్గినా మతిమరుపు వస్తుంది, అది సరిచేయగలిగేది. నాన్నకు అవి రెండూ మామూలుగానే ఉన్నాయి. ఆ తర్వాత ఈసీజీ తీయించారు. ఈ మాత్ర గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ముందే నాడి నెమ్మదిగా ఉన్నవాళ్ళకు, బీపీకి గుండెను నెమ్మదింపజేసే మాత్రలు వాడేవాళ్ళకు కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మీకు ఈసీజీ లేకుండా రాస్తే ఒకసారి అడగండి.

ఇక మాత్ర. డోనెపెజిల్ జపాన్‌లో ఐసాయ్ కంపెనీలో పుట్టింది. హచిరో సుగిమోటో అనే శాస్త్రవేత్త 1983లో పని మొదలుపెట్టాడు. ఆయన తల్లికీ ఇదే తరహా జబ్బు. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ఐసాయ్ వాళ్ళ ఫ్యాక్టరీ మన విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉంది. బోదకాలు రాకుండా ఇచ్చే డీఈసీ మాత్రలు అక్కడ తయారుచేసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా పంపుతారు. ఇప్పుడు డోనెపెజిల్‌ని మన దేశంలో చాలా కంపెనీలు చేస్తున్నాయి. మేం వాడేది జనరిక్. జేబుకు పెద్ద బరువేమీ కాదు.

మొదటి రెండు వారాలు కష్టంగా గడిచాయి. రాత్రి పడుకునే ముందు వేయమన్నారు, వేశాం. మూడో రోజు నుంచి కడుపులో వికారం, రోజుకు రెండు మూడు విరేచనాలు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుని పక్కన పెట్టేసేవారు. ఇంకా భయపెట్టింది కలలు. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని, "బ్యాగు పోయిందమ్మా, కలెక్షన్ మొత్తం అందులోనే ఉంది, డిపోలో ఏం చెప్పాలి?" అని ఏడ్చారు. కండక్టరుగా చేసిన అన్నేళ్ళలో ఆయన బ్యాగు ఒక్కసారీ పోలేదు. ఆ రాత్రి అమ్మ పాత తోలు బ్యాగు బీరువాలోంచి తీసి ఒళ్ళో పెడితే గానీ పడుకోలేదు. డాక్టరుకు ఫోన్ చేస్తే మాత్రను ఉదయం టిఫిన్ తర్వాతకు మార్చమన్నారు. నాలుగైదు రోజుల్లో కలలు తగ్గాయి. ఈ ఒక్క మార్పు తెలియక ఎంతమంది మాత్ర మానేస్తున్నారో అనిపించింది. వికారం మూడు వారాలకు సర్దుకుంది. అన్నం పెట్టాక వేస్తే కాస్త నయం.

ఫలితం ఎప్పుడు కనపడింది? ఆరు వారాలు దాటాక. అదీ మనం ఎదురుచూసే చోట కాదు. మనవరాలి పేరు గుర్తొస్తుందని ఆశపడ్డాను, రాలేదు. అడిగిందే అడగడం తగ్గలేదు. కానీ భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయే మనిషి కూర్చుని పూర్తిగా తినడం మొదలుపెట్టారు. పేపరు చేతిలోకి తీసుకుని హెడ్డింగులు పైకి చదివారు. పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి సరిగ్గా ఇచ్చారు. బాత్రూం దారిలో చిన్న లైటు రాత్రంతా వెలిగేలా పెట్టి, తలుపుకు ఎర్ర రంగు కాగితం అంటించాను, మా ల్యాబు గోడ మీది గుర్తుల్లాగే. ఎనిమిదో వారంలో ఒక రాత్రి ఆయనంతట ఆయనే లేచి వెళ్ళి, వచ్చి పడుకున్నారు. నేను పక్క గదిలో మెలకువగా ఉండి చెప్పుల చప్పుడు వింటున్నాను. అందులో మాత్ర ఎంత, లైటు ఎంత, ఎర్ర కాగితం ఎంత అని విడదీసి చెప్పలేను. మూడూ చేయండి.

తర్వాత 10 మి.గ్రా.కు పెంచారు. మా నాన్నకు అది పడలేదు. ఆకలి చచ్చిపోయి నెలన్నరలో మూడు కిలోలు తగ్గారు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేసేవి. మళ్ళీ 5కు తెచ్చారు, తేరుకున్నారు. 10 బాగా సరిపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. బరువు మాత్రం నెలకోసారి చూసి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఈ 14 నెలల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. వేసవిలో నాన్నకు మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఎక్కువైంది. డోనెపెజిల్ వల్ల కూడా అలా కావచ్చు. నేను ఊళ్ళో లేను. తమ్ముడు దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ ఇంకో మాత్ర రాశారు. ఏమేం మందులు వాడుతున్నారని క్లినిక్‌లో అడగలేదు, మందుల షాపులోనూ అడగలేదు. మూత్రం సంగతి కాస్త నయమైంది. వారం తిరిగేసరికి మనిషి మారిపోయారు. నోరు ఎండిపోయి నాలుక పిడచగట్టుకుపోయేది. మలబద్ధకం. సాయంత్రమైతే హాల్లో ఎవరో ప్యాసింజర్లు నిలబడి ఉన్నారని, జరగమనండని అమ్మతో గొడవ. జబ్బు ముదిరిపోయిందని అందరూ అనుకున్నారు. "ఇంక ఇంతేనేమోనే," అని అమ్మ ఫోన్‌లో ఏడ్చింది.

నేను వచ్చి డబ్బాలో స్ట్రిప్పులు తీసి చూశాను. ఆక్సీబ్యుటినిన్. అది కూడా అసిటైల్‌కోలిన్ కబురు అందుకునే చోటే కూర్చునే మందు. నేను ఎలుకకు సూదితో ఇచ్చిన స్కోపోలమిన్ చేసే పనే, కొంచెం నెమ్మదిగా, మా నాన్నకు మాత్రలో వెళ్తోంది. పొద్దున కబురు పెంచే మాత్ర, మధ్యాహ్నం ఆ కబురును అడ్డుకునే మాత్ర. తొట్టి గోడ వెంట తిరిగే ఎలుక కళ్ళముందు కనపడి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. న్యూరాలజిస్టుతో మాట్లాడి ఆపించాం. పది రోజుల్లో హాల్లో ప్యాసింజర్లు మాయమయ్యారు. మూత్రానికి ఇప్పుడు రెండు గంటలకోసారి మేమే తీసుకెళ్తున్నాం, సాయంత్రం తర్వాత కాఫీ ఆపేశాం.

దయచేసి ఇది గుర్తు పెట్టుకోండి. జలుబుకు, దురదకు ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి నిద్ర తెప్పించే మాత్రలు, చేతి వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్, కొన్ని పాతకాలం డిప్రెషన్ మందులు, ఇవన్నీ ఆ కోవలోవే. డోనెపెజిల్ పనిచేయడం లేదని చెప్పే ముందు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు టేబుల్ మీద పోయండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, అడిగి ఆపండి.

విటమిన్ ఇ సంగతి. మీకు తెలిసినవే, అమ్మాయిలు సూదితో గుచ్చి మొహానికి, జుట్టుకు రాసుకునే ఆకుపచ్చ మెత్తటి గోలీలు. మా పెదనాన్న కొడుకు ఒక వీడియో పంపి, "ఎలుకల్లో జ్ఞాపకం తిరిగొచ్చిందంట, నువ్వు చదువుకున్నదే కదా, బాబాయికి వెయ్యొచ్చుగా," అన్నాడు. నా ప్రాజెక్టు మీద మమకారంతో నేనూ కాదనలేకపోయాను. అసలు విటమిన్ ఇ బయటపడిందే ఎలుకల దగ్గర. 1922లో కాలిఫోర్నియాలో ఇవాన్స్, బిషప్ అనే ఇద్దరు, ఏదో ఒక పదార్థం లేని తిండి పెడితే ఎలుకల కడుపులో పిల్లలు నిలవడం లేదని గమనించారు. ఆ పదార్థమే ఇది. కణాల్లోని కొవ్వు పొర పాడైపోకుండా కాపాడుతుంది. మెదడులో కొవ్వు ఎక్కువ కాబట్టి అక్కడ పనికొస్తుందనే ఆలోచన సబబైనదే.

మనుషుల్లో ఏం తేలిందో చూడండి. ఈ రెండిటినీ ఒకే పరీక్షలో పెట్టింది 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు ఇంకా పూర్తిగా రాని, మతిమరుపు మొదలైన 769 మంది. కొందరికి డోనెపెజిల్, కొందరికి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ ఇ, కొందరికి ఉత్తుత్తి మాత్ర. మూడేళ్ళు చూశారు. మొదటి ఏడాది డోనెపెజిల్ వాళ్ళలో అది అల్జీమర్స్‌గా మారడం తక్కువగా ఉంది, మూడేళ్ళు నిండేసరికి తేడా లేదు. విటమిన్ ఇ వల్ల ఏ లాభమూ లేదు. 2014లో అమెరికా మాజీ సైనికులు 613 మందిని చూశారు. వాళ్ళు అప్పటికే డోనెపెజిల్ లాంటి మాత్రల మీద ఉన్నారు. 2000 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళలో స్నానం, బట్టలు, తిండి లాంటి సొంత పనులు చేసుకునే శక్తి తగ్గిపోవడం దాదాపు ఆరు నెలలు ఆలస్యమైంది. ఆరు నెలలు నా లెక్కలో చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో చాకిరీ చేసేవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది. అయితే జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు.

2000 యూనిట్లంటే ఆ గోలీలు రోజుకు ఐదు. మేం వేసింది ఒకటి. రోజుకు 400, ఆపైన ఏళ్ళ తరబడి వాడితే మరణాలు కాస్త ఎక్కువ కావచ్చని 2005లోనే ఒక విశ్లేషణ వచ్చింది. పైగా రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం భయం ఉంది. నాన్నకు గుండె కోసం ఆస్పిరిన్ నడుస్తోంది. ఏడో నెలలో రక్తపరీక్షకు సూది గుచ్చిన చోట మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది. అది గోలీ వల్లే అని నేననను, కానీ డాక్టరు చూసి వద్దన్నారు, ఆపేశాం. ఆపిన తర్వాత నాన్నలో ఏ తేడా కనపడలేదు, వేస్తున్నప్పుడూ కనపడలేదు.

మార్కులు అడిగితే, డోనెపెజిల్‌కు ఐదుకు మూడున్నర. నయం చేస్తుందని కొంటే మోసపోయామనిపిస్తుంది. ఇంకొంత కాలం తన అన్నం తను తినగలిగితే చాలు అనుకునే ఇంటికి ఇది పనికొచ్చే మాత్ర. కనీసం మూడు నెలలు చూసి అప్పుడు నిర్ణయించుకోండి. జబ్బు ముదిరిందని సొంతంగా ఆపేయకండి. బ్రిటన్‌లో 295 మందితో చేసిన పరీక్షలో, ముదిరిన దశలో కూడా మాత్ర కొనసాగించినవాళ్ళే ఆపినవాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారని 2012లో తేలింది. విటమిన్ ఇ గోలీకి మా ఇంటి వరకు ఒకటే. డాక్టరు చూసి, లెక్క చూసి రాస్తే వాడండి, వీడియో చూసి వాడొద్దు.

పోయిన నెల పిడుగురాళ్ళలో పెళ్ళికి నాన్నను బస్సులోనే తీసుకెళ్ళాం. ముందు సీట్లో కూర్చోబెట్టాను. పేరేచర్ల దాటేదాకా మాట్లాడలేదు. సత్తెనపల్లి ఊళ్ళోకి వస్తుండగా ఉన్నట్టుండి సీటు కమ్మీ పట్టుకుని లేచి, వెనక్కి తిరిగి, "సత్తెనపల్లి దిగేవాళ్ళు ముందుకు రండి, ముందుకు," అన్నారు. గొంతు అచ్చం అప్పటిదే. కండక్టరమ్మాయి మిషన్ ఆపి చూసి, "ఏ డిపో బాబాయ్?" అంది. "మాచర్ల," అన్నారు వెంటనే. ఆ అమ్మాయి బస్సు ఆగాక ఆయన్నే "రైట్" చెప్పమంది. రెండుసార్లు చెప్పారు.

పిడుగురాళ్ళలో దిగాక అమ్మకు గుర్తొచ్చింది, హడావిడిలో పొద్దున మాత్ర వేయలేదని. "ఇప్పుడు వేసేదా, రేపు రెండు వేసేదా?" అని టెన్షన్ పడిపోయింది. ఆ మందు ఒంట్లో సగం తగ్గడానికే 70 గంటలు పడుతుంది, ఒక పూట తప్పితే ఏం కాదు, రేపు పొద్దున మామూలుగా ఒకటే వేద్దాం అని చెప్పాను.